బయాలజీ ల్యాబ్‌లో రేడియోఐసోటోపులతో పని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా కొత్త పీహెచ్‌డీ విద్యార్థులు చేరగానే హాట్ ల్యాబ్ (రేడియోధార్మిక పదార్థాలతో పని చేసే గది) గుమ్మం దగ్గర అవే సందేహాలు మళ్లీ వినిపిస్తాయి. కొన్ని భయంతో పుట్టినవి, కొన్ని సీనియర్లు చెప్పిన సగం సగం మాటలతో పుట్టినవి. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాం. మాలిక్యులర్ బయాలజీ ల్యాబుల్లో ఎక్కువగా చేతికొచ్చేది పీ-32, అంటే రేడియోధార్మిక ఫాస్ఫరస్, కాబట్టి దాని గురించే ఎక్కువ రాశాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. మీ సంస్థ రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, అంటే ఆర్‌ఎస్‌ఓ, పెట్టిన నియమం ఇక్కడ రాసినదాని కన్నా కఠినంగా ఉంటే దాన్నే పాటించండి.

## పని మొదలుపెట్టక ముందు

పీ-32 అంటేనే భయంగా ఉంది. జుట్టు రాలిపోతుందా? ముందు ముందు పిల్లలు పుట్టరంటున్నారు, నిజమేనా?

మీరు వాడే మోతాదులతో ఆ రెండూ జరగవు. జుట్టు రాలాలంటే తలకి ఒక్కసారిగా 3 గ్రేల దాకా, అంటే వేల మిల్లీగ్రేల డోసు తగలాలి (గ్రే, సీవర్టు రెండూ డోసు కొలతలే, బీటా, గామాలకి దాదాపు సమానం). మన దేశంలో రేడియేషన్ పనివారికి ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, పెట్టిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. నేల, గాలి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ సహజంగా అందేదే ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు.

భయపడాల్సింది వేరే చోట ఉంది. పీ-32 విడిచే బీటా కణాలు, అంటే వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు, శరీరంలోకి 8 మిల్లీమీటర్లకి మించి పోలేవు. బయట ఉన్న వయల్ (చిన్న సీసా) నుంచి బయల్దేరి లోపలి అవయవాల దాకా రాలేవు. కానీ వేళ్ల చర్మం, కంటి పొర ఆ 8 మిల్లీమీటర్లలోనే ఉన్నాయి. స్టాక్, అంటే కొని తెచ్చిన అసలు ద్రావణం, సాధారణంగా మైక్రోలీటరుకి 10 మైక్రోక్యూరీల గాఢతలో వస్తుంది. పిపెట్ టిప్ చివర మిగిలే కంటికి కనబడని తడి, మైక్రోలీటరులో పదో వంతు అనుకున్నా, 1 మైక్రోక్యూరీ. అంటే నిమిషానికి 22 లక్షల విఘటనలు. అది చర్మం మీద ఒక చదరపు సెంటీమీటరులో అంటుకుని ఉండిపోతే అక్కడ గంటకు సుమారు 70 నుంచి 80 మిల్లీసీవర్టుల డోసు పడుతుంది. చర్మానికి ఏడాది మొత్తానికి ఉన్న పరిమితి 500. ఎవరూ చూసుకోకపోతే ఆరేడు గంటల్లో అది అయిపోతుంది. ఈ పనిలో దూరం నుంచి వచ్చే కిరణం కన్నా అంటుకునే చుక్కే ప్రమాదం.

వయల్ మీద "గామా పీ-32 ఏటీపీ" అని ఉంది. గామా కిరణాలు వస్తాయా? లెడ్ ఆప్రాన్ వేసుకోవాలా?

రావు. ఆ గామా కిరణం పేరు కాదు, ఏటీపీలో మూడో ఫాస్ఫేటు పేరు. చక్కెరకి దగ్గరగా ఉన్నది ఆల్ఫా, మధ్యది బీటా, చివరిది గామా. రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఆ చివరి స్థానంలో ఉందని మాత్రమే దానర్థం. ఆ ఏటీపీని 1929లో కండరంలో కనిపెట్టినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆ అణువే ఇవాళ మన వయల్‌లో ఉంది.

పీ-32కి లెడ్ ఆప్రాన్ వద్దు. ఎక్కువ శక్తి ఉన్న బీటా కణం సీసం లాంటి బరువైన లోహంలో ఒక్కసారిగా ఆగితే ఎక్స్-కిరణాలు పుడతాయి. దీన్నే బ్రెమ్స్‌స్ట్రాలుంగ్ అంటారు. తేలికైన పర్‌స్పెక్స్‌లో, అంటే పారదర్శక ప్లాస్టిక్ పలకలో, ఆగితే అవి చాలా తక్కువ. ఒక సెంటీమీటరు మందం పర్‌స్పెక్స్ పీ-32 బీటాని పూర్తిగా ఆపుతుంది. మిల్లీక్యూరీల్లో స్టాక్ నిల్వ ఉంటే పర్‌స్పెక్స్ లోపల, దాని బయట సన్నని సీసం రేకు. ఈ వరస తిరగబడకూడదు.

ఏ ఐసోటోపైనా రేడియోధార్మికమేగా. అన్నిటికీ ఒకటే జాగ్రత్త తీసుకుంటే సరిపోదా?

సరిపోదు. తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

పీ-32 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 14.3 రోజులు, బీటా గరిష్ఠ శక్తి 1.71 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులు, గాలిలో ఆరు మీటర్ల దాకా పోతుంది. పర్‌స్పెక్స్ షీల్డు, గీగర్ మీటర్, వేలికి రింగ్ బ్యాడ్జ్ (వేళ్లకి అందే డోసుని కొలిచే ఉంగరం) కావాలి. పీ-33 అర్ధాయువు 25.4 రోజులు, శక్తి పీ-32లో ఏడో వంతు. జెల్ మీద బ్యాండ్లు సన్నగా, స్పష్టంగా వస్తాయి. డోసు గురించి బెంగ తక్కువ.

ఎస్-35కి (గంధకం) 87.4 రోజులు, సీ-14కి (కార్బన్) 5,730 ఏళ్లు. రెండింటి బీటాలూ బలహీనమైనవే, గాలిలో పాతిక సెంటీమీటర్లలో ఆగిపోతాయి. షీల్డు అక్కర్లేదు. అవి లోపలికి పోకుండా చూసుకోవాలి, కలుషితం అయిందో లేదో వెతికి పట్టుకోవాలి.

హెచ్-3, అంటే హైడ్రోజన్ ఐసోటోపు ట్రిషియం, 12.3 ఏళ్లు. దాని బీటా గాలిలో అర సెంటీమీటరు పైచిలుకు పోతుంది, చర్మం పైన ఉన్న చచ్చిన పొరని కూడా దాటలేదు. గీగర్ మీటర్‌కి అసలు కనబడదు. ప్రమాదమల్లా మింగడం, పీల్చడం, చర్మం గుండా లోపలికి ఇంకడం.

ఐ-125 (అయొడిన్) అర్ధాయువు దాదాపు 60 రోజులు. ఇది బీటా కాదు, తక్కువ శక్తి గామా, ఎక్స్-కిరణాలు. దీనికి మాత్రం సీసమే. ఒక మిల్లీమీటరు రేకు చాలు, పర్‌స్పెక్స్ దాదాపు ఏమీ ఆపదు. పైగా అయొడిన్ ఆవిరై ముక్కు దారిన నేరుగా థైరాయిడ్‌కి చేరుతుంది.

కాబట్టి పీ-32 అలవాటుతో ఐ-125ని పర్‌స్పెక్స్ వెనక పెట్టినా, ట్రిషియం కోసం గీగర్ మీటర్ తిప్పినా మనసుకి ధైర్యం తప్ప రక్షణ దక్కదు.

ఇప్పుడు ఫ్లోరసెంట్ డైలు, కెమిల్యూమినిసెన్స్ వచ్చాయి కదా. ఇంకా ఐసోటోపులెందుకు?

డీఎన్ఏ, ఆర్‌ఎన్ఏలని వెతికే మామూలు సదరన్, నార్తరన్ బ్లాట్‌లకి చాలాచోట్ల నిజంగానే అక్కర్లేదు. పని అయ్యే మార్గం వేరే ఉంటే అదే ఎంచుకోండి. కానీ కైనేజ్ (ఫాస్ఫేటుని బదిలీ చేసే ఎంజైము) అస్సేలో ఫాస్ఫేటు ఎక్కడికి బదిలీ అయిందో చూడాలన్నా, డీఎన్ఏ-ప్రోటీన్ బంధాన్ని జెల్ షిఫ్ట్‌లో కచ్చితంగా కొలవాలన్నా, మందు అణువు శరీరంలో ఎటు పోయిందో తేల్చాలన్నా ఐసోటోపుకి ఒక సుగుణం ఉంది: అణువు ఆకారం మారదు. ఒక డై తగిలిస్తే అణువు ప్రవర్తన మారొచ్చు. మామూలు ఫాస్ఫరస్ పీ-31 బదులు పీ-32 ఉంటే ఎంజైముకి తేడా తెలియదు. హైదరాబాద్ సీసీఎంబీలో (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లో మన దేశపు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ని నిలబెట్టింది ఇలాంటి రేడియోధార్మిక ప్రోబుతోనే.

నేను స్టూడెంటుని. ఏఈఆర్‌బీ అనుమతి నేనే తెచ్చుకోవాలా?

అది సంస్థ పని. ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలో సంస్థ, ఆర్‌ఎస్‌ఓ కలిసి దరఖాస్తు చేస్తారు. ఏ ఐసోటోపు, ఎంత, ఏ గదిలో అన్నది అందులోనే తేలుతుంది. మీరు చూసుకోవాల్సినవి మూడు: రేడియేషన్ వర్కర్‌గా మీ పేరు నమోదైందా, మీ పేరు మీద డోసు కొలిచే బ్యాడ్జ్ వచ్చిందా, మీరు వాడబోయే ఐసోటోపు ఆ గది అనుమతిలో ఉందా. పీ-32కి అనుమతి ఉన్న గదిలో ఐ-125 వాడటం కుదరదు.

గర్భవతినని తెలిసింది. గైడ్‌కి ఇప్పుడే చెప్పాలా, కొన్నాళ్లు ఆగొచ్చా?

ఆగొద్దు, ఆర్‌ఎస్‌ఓకి రాతపూర్వకంగా తెలపండి. తెలిపిన దగ్గర నుంచీ కడుపులోని బిడ్డకి 1 మిల్లీసీవర్టు పరిమితి వర్తిస్తుంది. ఇప్పటిదాకా పీ-32తో పని చేశారని కంగారు పడకండి, బయట ఉన్న దాని బీటా బిడ్డ దాకా పోదు. ఐ-125 ఇక ముట్టుకోవద్దు. పది పన్నెండు వారాల నుంచి బిడ్డ థైరాయిడ్ అయొడిన్‌ని పట్టుకోవడం మొదలుపెడుతుంది. ట్రిషియం స్టాక్ తెరిచే పని కూడా ఇంకొకరికి అప్పగించండి. ప్రాజెక్టు ఆగుతుందేమోనని చెప్పకుండా దాచుకునేవాళ్లున్నారు. పని పంచుకోవడం గైడ్ బాధ్యత, మీరు మొహమాటపడాల్సిన విషయం కాదు.

## ఆర్డరు, పార్సెల్

ఆల్ఫా ఆర్డరు చెయ్యాలా, గామానా? ఎక్కడ దొరుకుతుంది?

కొత్త డీఎన్ఏ గొలుసులోకి న్యూక్లియోటైడ్ చేరాలంటే, అంటే రాండమ్ ప్రైమింగ్, నిక్ ట్రాన్స్‌లేషన్, ఇన్ విట్రో ట్రాన్స్‌క్రిప్షన్‌లకి, ఆల్ఫా కావాలి. గొలుసులో మిగిలేది ఆల్ఫా ఫాస్ఫేటే, మిగతా రెండూ ఊడిపోతాయి. టీ4 కైనేజ్‌తో డీఎన్ఏ కొసకి లేబుల్ పెట్టాలన్నా, ప్రోటీన్ కైనేజ్ అస్సే చెయ్యాలన్నా గామా కావాలి. తారుమారైతే రియాక్షన్ అంతా సవ్యంగా జరుగుతుంది, ఫిల్మ్ మీద మాత్రం ఏమీ ఉండదు. మన దేశంలో ఐసోటోపులు సరఫరా చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్రిట్‌కి చెందిన జొనాకి ల్యాబ్ హైదరాబాద్‌లో సీసీఎంబీ ఆవరణలోనే ఉంది. పీ-32 న్యూక్లియోటైడ్లు అక్కడి నుంచి వస్తాయి. 14 రోజుల అర్ధాయువు ఉన్న సరుకుని ముందే తెప్పించి దాచుకోలేం. మిగతా రీజెంట్లన్నీ సిద్ధం చేసుకున్నాకే ఆర్డరు పెట్టండి.

పార్సెల్ వచ్చింది. నేరుగా ఫ్రీజర్‌లో పెట్టెయ్యొచ్చా?

వద్దు. గ్లౌజులు వేసుకుని ముందు డబ్బా చూడండి, నలిగిందా, తడిసిందా అని. బయట ఉన్న లేబుల్‌ని బట్టి ఎంత డోసు రేటు ఆశించాలో తెలుస్తుంది. తెల్ల లేబుల్ అయితే ఉపరితలం మీద గంటకు 5 మైక్రోసీవర్టులకి మించకూడదు. పసుపు రెండో రకమైతే 500 దాకా ఉండొచ్చు. మీటర్ అంతకన్నా ఎక్కువ చూపిస్తే తెరవకుండా ఆర్‌ఎస్‌ఓని పిలవండి.

డ్రై ఐస్ ఉంటే గాలి ఆడే చోట తెరవండి. లోపలి డబ్బా బయటి వైపు ఫిల్టర్ పేపర్‌తో తుడిచి కౌంట్ చెయ్యండి. వయల్ మీద పేరు, మొత్తం, రిఫరెన్స్ తేదీ ఆర్డరుతో సరిపోయాయా చూసి రిజిస్టర్‌లో రాసి, అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టండి. ఖాళీ అట్టపెట్టెని పారేసే ముందు మూడు రెక్కల రేడియేషన్ గుర్తుని కొట్టెయ్యండి లేదా చింపెయ్యండి. ఆ గుర్తుతో పెట్టె చెత్తకుండీలో కనబడితే అనవసరంగా కలకలం రేగుతుంది.

వయల్ మీద 250 మైక్రోక్యూరీలని ఉంది. ఇవాళ ఎంత ఉన్నట్టు?

ఆ అంకె లేబుల్ మీద ఉన్న రిఫరెన్స్ తేదీ నాటిది, మీకు చేరిన రోజుది కాదు. పీ-32 రోజుకి దాదాపు 5 శాతం తగ్గుతుంది. రిఫరెన్స్ తేదీ నుంచి మూడు రోజులకి 86 శాతం, వారానికి 71, రెండు వారాలకి 51, మూడు వారాలకి 36, నాలుగు వారాలకి 26 శాతం మిగులుతుంది. వారం తర్వాత మీ 250 కాస్తా 178 అయింది. రిఫరెన్స్ తేదీ ఇంకా రాకపోతే లేబుల్ మీద ఉన్నదానికన్నా ఎక్కువే ఉంటుంది. మూడు రోజుల ముందైతే 16 శాతం ఎక్కువ. బెకెరెల్‌లో రాయాలంటే 1 మైక్రోక్యూరీకి 37 కిలోబెకెరెల్, 250కి 9.25 మెగాబెకెరెల్.

## బెంచి దగ్గర

మొదటిసారి వయల్ తెరుస్తున్నాను. వరసగా ఏం చెయ్యాలి?

ముందురోజు రంగునీళ్లతో మొత్తం ప్రయోగం ఒకసారి నడిపించండి. ట్యూబులు, ట్రే, షీల్డు అన్నీ వాటి చోట్లే ఉంచి ఎర్ర ఫుడ్ కలర్‌తో చేస్తే చుక్క ఎక్కడ పడుతోందో కళ్లకి కనబడుతుంది. షీల్డు వెనక చేతులు పెట్టి పిపెట్ చెయ్యడం మొదటిసారి ఎవరికీ సాఫీగా రాదు. ఆ తడబాటేదో నీళ్లతోనే అయిపోనివ్వండి.

అసలు రోజున ఇలా. ల్యాబ్ కోటు, కాళ్లు పూర్తిగా కప్పే చెప్పులు, కళ్లద్దాలు, రెండు జతల గ్లౌజులు. రింగ్ బ్యాడ్జ్ గ్లౌజు లోపల, దాని కొలిచే వైపు అరచేతి వైపు ఉండాలి, ఎందుకంటే ట్యూబ్ ఉండేది అటే. బెంచి మీద అంచులున్న ట్రే, అందులో పీల్చే కాగితం, ప్లాస్టిక్ వైపు కిందికి. గీగర్ మీటర్ ముందుగానే వేసి, స్పీకర్ పెట్టి పక్కన ఉంచండి. పని అయ్యాక కొలవడానికి మాత్రమే కాదు, పని జరుగుతుండగా చెవి దాని మీద ఉండాలి. మీటర్‌ని శుభ్రంగా ఉన్న చేత్తోనే తాకండి.

స్టాక్ వయల్‌ని షీల్డు వెనకే కరగనివ్వండి. కరిగాక కొన్ని సెకన్ల పాటు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మూతకి అంటిన చుక్కలు కిందికి దిగుతాయి. ఇది చాలామంది వదిలేస్తారు, మూత తీయగానే కలుషితం అయ్యేది ఇక్కడే. వయల్‌ని వేళ్లతో కాక పటకారుతో పట్టుకోండి. ఒక సెంటీమీటరు దూరాన్ని పది చేస్తే డోసు వందో వంతుకి పడిపోతుంది. ఫిల్టర్ టిప్ వాడండి. టిప్‌ని ట్రే లోపలే ఉన్న చిన్న పర్‌స్పెక్స్ డబ్బాలో వదలండి. బెంచి దాటించి దూరపు కుండీలోకి విసిరితే దారిలో చుక్క రాలుతుంది. స్టాక్ ముట్టుకున్న వెంటనే పై గ్లౌజుల్ని మీటర్‌కి చూపించి మార్చండి. తలుపు పిడి, ఫోను, పెన్ను, ఫ్రీజర్ తలుపు ఏవీ ఆ గ్లౌజుతో ముట్టుకోవద్దు.

95 డిగ్రీల దగ్గర పెట్టిన ట్యూబ్ మూత ఎగిరిపోయింది. ఎందుకు?

వేడికి లోపలి గాలి, ఆవిరి వ్యాకోచించి నొక్కే మూతని తోసేస్తాయి. ప్రోబ్‌ని మరిగించే మెట్టులో ఇది తరచూ జరిగే ప్రమాదం. మరతిప్పే మూత, ఓ-రింగ్ ఉన్న ట్యూబ్ వాడండి, లేదా మూతకి క్లిప్ పెట్టండి. వేడి నుంచి తీశాక చల్లారనిచ్చి, తిప్పి, అప్పుడు తెరవండి.

కైనేజ్ లేబులింగ్ పనిచెయ్యలేదు. ఐసోటోపు పాడైందా?

ముందు తేదీ లెక్క చూడండి. అది సరిగ్గా ఉంటే అనుమానం డీఎన్ఏ మీదికి పోవాలి. టీ4 పాలీన్యూక్లియోటైడ్ కైనేజ్‌ని అమ్మోనియం అయాన్లు అడ్డుకుంటాయి. డీఎన్ఏని అమ్మోనియం అసిటేట్‌తో అవక్షేపం చేసి ఉంటే ఎన్ని యూనిట్ల ఎంజైము పోసినా లాభం లేదు. సోడియం అసిటేట్‌తో మళ్లీ చేసి 70 శాతం ఇథనాల్‌తో కడగండి. రెండోది, అప్పటికే కొసన ఫాస్ఫేటు ఉంటే కొత్తది పట్టదు. రిస్ట్రిక్షన్ ఎంజైముతో కోసిన ముక్కకి ముందు ఫాస్ఫటేజ్ పట్టించి, దాన్ని తీసేశాక కైనేజ్ పెట్టాలి. సింథసిస్‌లో వచ్చిన ఒలిగోలకి సాధారణంగా ఆ బెడద ఉండదు. ఇక లేబుల్ బాగానే జరిగినా సెఫడెక్స్ జీ-50 కాలమ్‌లో మిగులు ఏటీపీని తీసెయ్యకపోతే బ్లాట్ అంతా నల్లగా వస్తుంది.

ఎస్-35 మెథియోనిన్‌తో కణాలకి లేబుల్ పెట్టాం. ఇన్‌క్యుబేటర్ లోపలంతా కౌంట్లు వస్తున్నాయి. ఒలికినట్టు గుర్తు లేదు.

ఒలకలేదు, ఆవిరైంది. నిల్వలో ఎస్-35 మెథియోనిన్, సిస్టీన్ కొంత విచ్ఛిన్నమై ఆవిరయ్యే గంధక పదార్థాలు పుడతాయి. 37 డిగ్రీల్లో, తేమలో అవి గోడలకి, ఫ్యాన్‌కి, నీళ్ల ట్రేకి పట్టుకుంటాయి. వయల్‌ని ఫ్యూమ్ హుడ్‌లోనే కరిగించి, అక్కడే తెరవండి. ప్లేట్లని బొగ్గు పెట్టిన మూసిన డబ్బాలో ఉంచి ఇన్‌క్యుబేటర్‌లో పెట్టండి, వీలైతే ఇందుకోసం వేరే ఇన్‌క్యుబేటర్ కేటాయించండి. తీసేశాక నీళ్ల ట్రేని వైప్ చేసి చూడండి, అన్నిటికన్నా ముందు దొరికేది అక్కడే.

ఐ-125తో ప్రోటీన్‌కి లేబుల్ పెట్టాలి. వేరే జాగ్రత్తలేంటి?

పనంతా ఫ్యూమ్ హుడ్‌లో, గాలి లాగుతోందని చూసుకున్నాకే. సోడియం అయొడైడ్ ద్రావణాన్ని ఎప్పుడూ గడ్డకట్టించొద్దు, ఆమ్లం కలవనివ్వొద్దు. రెండిట్లోనూ అయొడిన్ ఆవిరిగా బయటపడుతుంది. ఒలికితే బ్లీచ్ పొయ్యొద్దు, అది కూడా అయొడిన్‌ని లేపుతుంది. ముందు సోడియం థయోసల్ఫేట్ పోసి తటస్థం చేసి, అప్పుడు తుడవాలి. అయొడిన్ గ్లౌజుల గుండా ఇంకుతుంది కాబట్టి రెండు జతలు వేసుకుని, పై జతని తరచూ మార్చండి. మెడ దగ్గర థైరాయిడ్ కౌంట్ పనికి ముందొకసారి, తర్వాత ఆర్‌ఎస్‌ఓ చెప్పిన రోజున ఒకసారి చేయించుకోండి. ముందరి కౌంట్ లేకపోతే తర్వాతి అంకెని దేనితోనూ పోల్చలేరు.

ఎస్-35 జెల్ని రాత్రంతా ఫిల్మ్‌కి పెట్టాను. ఏమీ రాలేదు.

మూడు కారణాల్లో ఒకటై ఉంటుంది. జెల్ తడిగా ఉంది. ఎస్-35 బీటా ఆ నీళ్లలోనే ఆగిపోతుంది, కాబట్టి జెల్ని ఆరబెట్టాలి. ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి పెట్టారు. పీ-32కి అది అడ్డు కాదు కానీ ఎస్-35 సంకేతంలో చాలా భాగాన్ని తినేస్తుంది, ట్రిషియాన్ని పూర్తిగా ఆపుతుంది. ఇంటెన్సిఫైయింగ్ స్క్రీన్ మీద ఆశ పెట్టుకున్నారు. స్క్రీన్ పనిచెయ్యాలంటే బీటా ఫిల్మ్‌ని దాటి అటువైపు పోవాలి, ఎస్-35కి ఆ బలం లేదు. ఆరబెట్టే ముందు జెల్‌కి ఫ్లోరోగ్రఫీ ద్రావణం (బీటా శక్తిని వెలుగుగా మార్చేది) పట్టించి, మైనస్ 70లో పెట్టండి. ఫాస్ఫర్ ఇమేజింగ్ స్క్రీన్ అయితే గది ఉష్ణోగ్రతలోనే ఉంచాలి, చలిలో చెమ్మ పట్టి పాడవుతుంది.

## కొలవడం, వెతకడం

గీగర్ మీటర్ పలకడం లేదు. అంటే బెంచి శుభ్రమేగా?

పీ-32 ఒక్కటే వాడుతుంటే, మీటర్ పనిచేస్తుంటే, అవును. ముందు బ్యాటరీ చూసి, తెలిసిన చిన్న సోర్సుని చూపించి పలుకుతోందో లేదో నిర్ధారించుకోండి. చాలా ఎక్కువ రేడియేషన్ ముందు కొన్ని మీటర్లు ఉక్కిరిబిక్కిరై మూగబోతాయి కూడా. ఎస్-35, సీ-14లని సన్నని కిటికీ ఉన్న ప్రోబ్ కొన్ని శాతమే పట్టుకుంటుంది, అదీ సెంటీమీటరు దూరంలో నెమ్మదిగా కదిపితేనే. ప్రోబ్‌కి ప్లాస్టిక్ తొడిగితే ఆ కాస్తా పోతుంది. ట్రిషియం అసలు పట్టదు. ఐ-125కి సోడియం అయొడైడ్ స్ఫటికం ఉన్న మీటర్ వాడాలి.

మరి ట్రిషియాన్ని ఎలా వెతకాలి? వైప్ టెస్ట్ ఎలా చెయ్యాలి?

కొద్దిగా తడిపిన ఫిల్టర్ పేపర్‌తో 10 సెంటీమీటర్ల చొప్పున పొడవు వెడల్పు ఉన్న చదరం, అంటే 100 చదరపు సెంటీమీటర్లు, ఒకే ఒత్తిడితో తుడవండి. కాగితాన్ని సింటిలేషన్ ద్రవంలో (బీటా తగిలితే మెరిసేది) వేసి కౌంటర్‌లో పెట్టండి. ఎప్పుడూ పని చేసిన చోటే కాదు, పిపెట్ పిడి, ఫ్రీజర్ హ్యాండిల్, సెంట్రిఫ్యూజ్ మూత, లైటు స్విచ్ కూడా తుడవాలి. ముట్టుకోని కొత్త కాగితాన్ని పక్కన బ్లాంక్‌గా పెట్టండి. ఫలితం గది పటం మీద గుర్తించి రాసుకుంటే రెండు మూడు నెలల్లో ఎవరి అలవాటు ఎక్కడ తప్పుతోందో అదే చెబుతుంది.

ఏమీ లేని వయల్ కూడా కౌంటర్‌లో వేల కౌంట్లు చూపిస్తోంది. ఏంటిది?

క్షారం గానీ బ్లీచ్, పెరాక్సైడ్ గానీ సింటిలేషన్ ద్రవంలో కలిస్తే రసాయన చర్యతో వెలుగు పుడుతుంది, యంత్రం దాన్నే కౌంటు అనుకుంటుంది. వయల్స్‌ని చీకట్లో కొన్ని గంటలుంచి మళ్లీ పెట్టండి. కౌంట్లు గణనీయంగా పడిపోతే అది వెలుగే, రేడియేషన్ కాదు. పీ-32కి అసలు ద్రవమే అక్కర్లేదు. దాని బీటా నీళ్లలో దూసుకుపోతూ పుట్టించే చెరెంకోవ్ వెలుగుని ట్రిషియం ఛానల్‌లో సుమారు 40 శాతం సామర్థ్యంతో కొలవొచ్చు. మీ నమూనా మీకు మిగులుతుంది, ద్రవ వ్యర్థమూ తగ్గుతుంది.

టీఎల్‌డీ (ఛాతీకి పెట్టుకునే డోసు బ్యాడ్జ్) రిపోర్టులో సున్నా వచ్చింది. డోసేమీ అందనట్టేగా?

బ్యాడ్జ్‌కి అందలేదని మాత్రమే. అందులో మూడు కాల్షియం సల్ఫేట్ డిస్కులుంటాయి, ఒకదానికి లోహపు ఫిల్టర్, ఒకదానికి ప్లాస్టిక్, ఒకటి తెరిచి ఉంటుంది. ఛాతీ దగ్గర ఉన్న ఆ డిస్కులకి మీ వేలి కొస మీద పడ్డ చుక్క తెలియదు. ట్రిషియం, సీ-14, ఎస్-35 బీటాల్ని అది చూడలేదు, లోపలికి పోయినదాన్ని అసలే చూడలేదు. వేళ్లకి రింగ్ బ్యాడ్జ్, ట్రిషియానికి మూత్ర పరీక్ష, అయొడిన్‌కి థైరాయిడ్ కౌంట్ ఉన్నది అందుకే.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. కోటుకి పెట్టిన బ్యాడ్జ్‌ని అలాగే వదిలి, ఆ కోటుని వేస్ట్ డబ్బా పక్కన తగిలిస్తే మూడు నెలల తర్వాత మీకు అందని డోసు మీ పేరు మీద నమోదవుతుంది. పని అయ్యాక బ్యాడ్జ్‌ని తీసి, రేడియేషన్ లేని చోట, కంట్రోల్ బ్యాడ్జ్ (పోలిక కోసం ఎవరూ పెట్టుకోకుండా ఉంచేది) ఉండే చోటే పెట్టండి. ఒకరిది మరొకరు పెట్టుకోవద్దు.

## జరగరానిది జరిగితే

చేతి మీద చుక్క పడింది. ఇప్పుడేం చెయ్యాలి?

గ్లౌజు మీద పడితే గ్లౌజుని లోపలి వైపు బయటికి వచ్చేలా తీసి వ్యర్థంలో వేసి, చెయ్యి మీటర్‌కి చూపించండి. చర్మం మీదే పడితే కౌంటు చూసి రాసుకుని, గోరువెచ్చని నీళ్లతో, మామూలు సబ్బుతో రెండు మూడు నిమిషాలు మెత్తగా కడిగి, తుడిచి, మళ్లీ కొలవండి. తగ్గుతున్నంతసేపూ ఇదే చెయ్యండి. బ్రష్‌తో రుద్దొద్దు, బ్లీచ్ వద్దు, వేణ్నీళ్లు వద్దు. చర్మం గీసుకుంటే పైన ఉన్నది లోపలికి పోతుంది. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో ప్రత్యేకంగా చూడండి. గాయం మీద పడితే పారే నీళ్ల కింద పెట్టండి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లు పోస్తూ ఉండండి, ఈలోగా పక్కవాళ్లు ఆర్‌ఎస్‌ఓని పిలవాలి. పడిన సమయం, మొదటి కౌంటు, చివరి కౌంటు ఈ మూడూ రాసి ఉంటేనే తర్వాత చర్మపు డోసు లెక్క కట్టగలరు.

నేల మీద ఒలికింది. ముందు తుడవాలా, ముందు చెప్పాలా?

ముందు గట్టిగా చెప్పండి, గదిలో ఉన్నవాళ్లు అటు నడవకుండా. తర్వాత పీల్చే కాగితం కప్పండి. మీ చెప్పుల అడుగులు మీటర్‌కి చూపించకుండా గుమ్మం దాటొద్దు. ఒలికినది గదంతా పాకేది చెప్పులతోనే. చుట్టూ కొలిచి చాక్‌తో గీత గీసి, బయటి అంచు నుంచి మధ్యకి తుడవండి. ఒకసారి తుడిచిన కాగితాన్ని మడిచి మళ్లీ వాడొద్దు. డిటర్జెంట్ నీళ్లు చాలు. పీ-32 మొండికేస్తే ఫాస్ఫేట్ బఫర్ కలిపిన నీళ్లు వాడండి, అందులోని మామూలు ఫాస్ఫేటు దాన్ని నేల నుంచి తప్పిస్తుంది.

ఎంత కడిగినా కొంత మిగిలితే, వైప్‌లో రాకుండా మీటర్‌కి మాత్రమే పలుకుతుంటే, అది నేలలోకి ఇంకిపోయింది. పైన పర్‌స్పెక్స్ పలక అతికించి ఐసోటోపు, తేదీ రాసి వదిలెయ్యండి. పీ-32 అయితే 143 రోజుల్లో వెయ్యో వంతుకి వస్తుంది.

చెప్తే తిడతారేమోనని భయం. నేనే శుభ్రం చేసేసి ఊరుకుంటే?

ఊరుకోవద్దు. మీ కంటపడని చుక్క మరొకరి చేతికి, అక్కడి నుంచి క్యాంటీన్ బల్ల మీదికి పోతుంది. చిన్న స్పిల్‌కి రిజిస్టర్‌లో నాలుగు వాక్యాలతో అయిపోతుంది. గైడ్‌లకీ ఒక మాట: మొదటిసారి వచ్చి చెప్పిన విద్యార్థి మీద అరిస్తే రెండోసారి ఎవరూ రారు.

## వ్యర్థాలు

అన్ని టిప్పులూ ఒకే పసుపు సంచిలో వేసేస్తే ఏమైంది?

పీ-32 టిప్పుల సంచిని అయిదు నెలలు దాస్తే మామూలు చెత్త అవుతుంది. అందులో ఒక్క సీ-14 టిప్పు పడిందంటే సంచి మొత్తం 5,730 ఏళ్ల అర్ధాయువు ఉన్న వ్యర్థం. దాన్ని దాచి ఉంచడం కుదరదు, అనుమతి పొందిన పద్ధతిలో పంపాల్సిందే. ఒక్కొక్క ఐసోటోపుకీ విడి డబ్బా, మీద ఐసోటోపు పేరు, మూసిన తేదీ, అంచనా మొత్తం రాయాలి. ద్రవాలు ప్లాస్టిక్ సీసాలో, ఆ సీసా ట్రేలో. గాజు వద్దు. టోలీన్ ఉన్న సింటిలేషన్ ద్రవం మండుతుంది, అది వేరుగా. సూదులు వేరుగా. సింకులో పోసే అనుమతి ఏ సింకుకి, ఎంత మొత్తానికి ఉందో ఆర్‌ఎస్‌ఓ దగ్గర తెలుసుకోకుండా ఒక్క మిల్లీలీటరూ పొయ్యొద్దు.

ఎన్ని రోజులు దాచాలి? ఆ తర్వాత నేరుగా పారెయ్యొచ్చా?

పది అర్ధాయువులు గడిస్తే 1,024వ వంతు మిగులుతుంది. పీ-32కి 143 రోజులు, ఐ-125కి ఇరవై నెలలు, ఎస్-35కి రెండేళ్ల అయిదు నెలలు. రోజులు పూర్తయ్యాయని పారెయ్యకూడదు. షీల్డు లేకుండా, సాధారణ నేపథ్య రేడియేషన్ మాత్రమే ఉన్న చోట సంచిని కొలిచి, నేపథ్యానికీ దానికీ తేడా లేదని చూసి, రేడియేషన్ గుర్తులన్నీ కొట్టేసి, ఆర్‌ఎస్‌ఓ సంతకంతో పంపాలి. మొదట 5 మిల్లీక్యూరీలు ఉంటే వెయ్యో వంతు కూడా 5 మైక్రోక్యూరీలు. అది చిన్న అంకె కాదు.

## ల్యాబ్ వదిలి వెళ్లేటప్పుడు

థీసిస్ అయిపోయింది. ఫ్రీజర్‌లో పాత వయల్స్ ఉన్నాయి. నా తర్వాతివాళ్లు చూసుకుంటారా?

చూసుకోరు, ఎందుకంటే వాళ్లకి తెలియదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకి చేరింది ఒక విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న కోబాల్ట్-60 ఇర్రేడియేటర్. దాన్ని తుక్కు కింద వేలం వేశారు, విడగొట్టారు, ఒక మనిషి చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. మన వయల్స్ దానితో పోలిస్తే అణువంత, కానీ దారి అదే: తెలిసినవాళ్లు వెళ్లిపోవడం, సరుకు మిగిలిపోవడం.

వెళ్లే నెల ముందు ఫ్రీజర్లు, కోల్డ్ రూమ్, సొరుగులు, పాత మీటర్ల చెక్ సోర్సులు అన్నీ వెతికి, రిజిస్టర్‌లో కొన్నది, వాడింది, పారేసింది, మిగిలింది సరిపోయేలా చూడండి. సీ-14, ట్రిషియం వయల్స్ ముఖ్యంగా వెతకండి, అవి తొందరగా తరిగిపోవు. మీ బెంచిని, పిపెట్లని, సెంట్రిఫ్యూజ్ రోటర్‌ని మీటర్‌తోనూ వైప్‌తోనూ చూసి ఆ కాగితం ఆర్‌ఎస్‌ఓకి ఇవ్వండి.

కొత్త చోట కూడా ఐసోటోపు పని ఉంటుంది. నా బ్యాడ్జ్ తీసుకెళ్లొచ్చా?

బ్యాడ్జ్ సంస్థది, తిరిగి ఇచ్చెయ్యాలి. తీసుకెళ్లాల్సింది మీ డోసు రికార్డు, వ్యక్తిగత నంబరు. అయిదేళ్ల పరిమితి మనిషికి, సంస్థకి కాదు. పాత చోట అందింది కొత్త చోట లెక్కలో కలవాలి. విదేశాలకి పోస్ట్‌డాక్‌కి వెళ్లేవాళ్లు ఆర్‌ఎస్‌ఓ సంతకం ఉన్న ప్రతి ముందే అడిగి పెట్టుకోండి, అక్కడి సేఫ్టీ ఆఫీసు చేరిన తొలి వారంలోనే అడుగుతుంది.